బోర్డర్‌లో ఉన్న సుగరు గురించి మేనల్లుడికి

పర్లాకిమిడి (ఒడిశా-ఆంధ్ర సరిహద్దు)

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

నువ్వు పంపిన రిపోర్టు చూశాను. పరగడుపున 116, మూడు నెలల సగటు (హెచ్‌బీఏ1సీ) 6.1. "మన ఊరిలాగే నా సుగరూ బోర్డర్‌లోనే ఉంది మావయ్యా" అన్నావు. నవ్వొచ్చింది గానీ, ఆ మాట అనేసి ఊరుకుంటావేమోనని ఈ ఉత్తరం రాస్తున్నాను.

పాంక్రియాస్‌లో (క్లోమంలో) ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలుంటాయి. పొట్టలో, కాలేయంలో కొవ్వు పేరుకుంటే ఇన్సులిన్ ఒంటికి సరిగా పట్టదు. అప్పుడా కణాలు మరింత ఇన్సులిన్ చేసి లెక్క సరిపెడతాయి. అప్పులున్నా పెళ్లిళ్లలో చదివింపులు తగ్గించని పెద్దమనిషి సంసారంలాగ, బయటికి ఏమీ తెలీదు. రిపోర్టు ఏళ్ల తరబడి నార్మలే వస్తుంది. ఇక సరిపెట్టలేనప్పుడే అంకె పైకి లేస్తుంది. 1977లో బ్రిటన్‌లో సుగరు జబ్బు మీద మొదలైన యూకేపీడీఎస్ అనే పరిశోధనలో, జబ్బు బయటపడేనాటికే ఈ కణాల సత్తా సగం దాకా పోయి ఉంటుందని అంచనా కట్టారు. ఆ తర్వాతా ఏటేటా తగ్గుతూనే వచ్చింది. నాకు ఒక మాత్రతో మొదలై సూది దాకా వచ్చింది అందుకే. పథ్యం సరిగా చెయ్యకే అంటుంది మీ అత్త. కొంత నిజమే, అంతా కాదు.

ముందుగా దెబ్బతినేది తిన్న వెంటనే చప్పున రావాల్సిన ఇన్సులిన్. కాబట్టి పరగడుపు అంకె ఒక్కటే చూసి మురిసిపోకు. 75 గ్రాముల గ్లూకోజు నీళ్లు తాగించి రెండు గంటలకి చేసే పరీక్ష కూడా చేయించు. 140కి చేరితే జాగ్రత్తపడాలి, 200కి చేరితే సుగరు వచ్చేసినట్టే.

నీకున్న వీలేమిటంటే, అలసిన కణాలన్నీ చచ్చినవి కావు. భారం దించితే కొన్ని తేరుకుంటాయి. 2017లో వెలువడిన డైరెక్ట్ అనే అధ్యయనంలో, జబ్బొచ్చి ఆరేళ్లు దాటని లావుపాటి మనుషుల చేత బరువు తగ్గించే కార్యక్రమం చేయిస్తే, ఏడాది తిరిగేసరికి 46 శాతం మంది మందుల్లేకుండా సుగరు లేని స్థితికొచ్చారు. నువ్వింకా ఆ గీత దాటనేలేదు కదా, ముందు ఆ పొట్ట తగ్గించు.

ఎండాకాలం పఖాళొ (నీళ్లలో నానబెట్టిన చద్దన్నం) మానమని నేననను, నేనే మానలేను. కంచం నిండా అన్నం, పక్కన బంగాళాదుంప ముద్ద, అది వద్దు. అన్నం సగం చేసి చేప ముక్కో పెసర పప్పో, ఆకుకూరో వేసుకో. చోడంబలి (రాగి అంబలి) తాగితే సుగరు రాదని మనవాళ్లు చెంబులకి చెంబులు తాగేస్తారు. చోడీ పిండిపదార్థమే నాయనా, ఒక గ్లాసు చాలు. ఛెనాపోడొ మిఠాయి పండక్కి చూద్దాం. రాత్రి తిన్నాక ఫోను పక్కనపెట్టి బజారు చివరిదాకా నడిచి రా.

సంతలో అమ్మే ఆకు పొడులు కొనకు. తిండి తగ్గించకుండానే ఒళ్లు తగ్గుతూ, దాహం ఎక్కువైతే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకుండా డాక్టరు దగ్గరికెళ్లు.

గ్లూకోజు పరీక్ష ఈ నెలలోనే చేయించి కాగితం ఫొటో పంపు. ముందురోజు రాత్రి భోజనం తర్వాత ఏమీ తినకూడదు. మీ అమ్మకి నేను ఫోను చేసి చెప్తాను, లేకపోతే పొద్దున్నే కాఫీ ఇచ్చేస్తుంది.

మీ మావయ్య