గునుపురంలో నోడ్ రాస్తున్న తమ్ముడికి

బరంపురం

తమ్ముడూ,

నువ్వు నోడ్‌లో, అంటే జావాస్క్రిప్ట్‌ని సర్వర్ మీద నడిపేదాంట్లో, రాసి పంపిన జీడిపిక్కల రేట్ల సర్వర్ కోడ్ మొత్తం చదివాను, బాగా రాస్తున్నావ్, పేర్లు చూస్తేనే ఏ ఫంక్షన్ ఏం చేస్తుందో తెలిసిపోతోంది. కానీ ఒకటి లేదు, మొదలెట్టిన పనిని మధ్యలో ఆపే దారి. మన గునుపురం, రాయగడ, పర్లాకిమిడి వైపు టవర్ సంగతి నీకు తెలియంది కాదు, బస్సు ఘాటీ ఎక్కగానే నెట్ పోతుంది, పేజీ రాకపోతే మనవాళ్లు మళ్లీ మళ్లీ నొక్కుతారు, నొక్కిన ప్రతిసారీ నీ దగ్గర బయటి రేట్లు తేవడం, డేటాబేస్‌లో పాత రేట్లు వెతకడం, పీడీఎఫ్ చేయడం అన్నీ మొదటినుంచి మొదలవుతాయి. అడిగినోడు ఎప్పుడో వెళ్లిపోయినా అవన్నీ చివరిదాకా నడుస్తూనే ఉంటాయి, పూల్‌లో, అంటే డేటాబేస్‌కి ముందే తెరిచి పెట్టుకున్న గుంపులో, కనెక్షన్లు వాటికే సరిపోతాయి, నిజంగా ఎదురుచూస్తున్న రైతుకి దొరకవు.

ప్రామిస్‌ని, అంటే తర్వాత రాబోయే ఫలితానికి గుర్తుగా చేతికొచ్చేదాన్ని, బయటనుంచి ఆపలేం. ఆపగలిగే ప్రామిస్‌ని జావాస్క్రిప్ట్ భాషలోకి తేవాలని ఒక ప్రతిపాదన నడిచింది గానీ 2016 చివర్లో వెనక్కి తీసుకున్నారు. మనకిప్పుడున్నది పని ఆపమని సిగ్నల్ ద్వారా చెప్పే ఎబార్ట్ కంట్రోలర్, బ్రౌజర్ల కోసం పుట్టి 2020లో 15వ వెర్షన్‌తో నోడ్‌లోకి వచ్చింది. రిక్వెస్ట్ రాగానే ఒక కంట్రోలర్ చెయ్యి, దాని సిగ్నల్‌ని కింద పిలిచే ప్రతి ఫంక్షన్‌కీ ఇవ్వు, ఒక్కదానికి ఇవ్వకపోయినా వరస అక్కడ తెగిపోతుంది. బయటి సర్వర్‌ని అడిగే ఫెచ్, స్ట్రీమ్ పైప్‌లైన్, ప్రామిస్ టైమర్లు అన్నీ సిగ్నల్ తీసుకుంటాయి. యూజర్ వెళ్లిపోయాడని తెలియడానికి రెస్పాన్స్ మీద క్లోజ్ ఈవెంట్ విను, అయితే జవాబు పూర్తిగా పంపేశాక కూడా అది వస్తుంది కాబట్టి రైటబుల్ ఫినిష్డ్ ట్రూ కానప్పుడే ఎబార్ట్ పిలువు.

ముందు ముగిసినదాన్నే తీసుకునే ప్రామిస్ రేస్‌తో అయిదు సెకన్ల టైమౌట్ కట్టావ్ చూడు, అది తీసెయ్యి. రేస్‌లో ఓడింది ఆగదు, దాని ఫలితాన్ని ఎవరూ చూడరంతే, ఫెచ్ వెనకాల నడుస్తూనే ఉంటుంది. ఎబార్ట్ సిగ్నల్‌కే టైమౌట్ అనే పద్ధతి ఉంది, దాన్నీ యూజర్ సిగ్నల్‌నీ కలపడానికి నోడ్ 20.3 నుంచి ఎనీ అనే పద్ధతి కూడా ఉంది.

పీడీఎఫ్ దగ్గర జాగ్రత్త. పేజీలు చేసే ఆ లూప్ ఎవెయిట్ లేకుండా గిర్రున తిరుగుతున్నంతసేపు, వచ్చిన ఈవెంట్లని వరసగా చూసే ఈవెంట్ లూప్‌కి ఊపిరాడదు, క్లోజ్ ఈవెంటే రాదు, ఇక సిగ్నల్‌కి ఎలా తెలుస్తుంది? కొన్ని పేజీలకోసారి మిగతా పనులకి సందు ఇవ్వడానికి ప్రామిస్ రూపంలో ఉన్న సెట్ ఇమ్మీడియట్‌ని ఎవెయిట్ చేసి, వెంటనే, ఎబార్ట్ అయి ఉంటే ఎర్రర్ విసిరే త్రో ఇఫ్ ఎబార్టెడ్ పిలువు.

ఇప్పుడు అన్నిటికన్నా నన్ను కలవరపెట్టింది చెప్తాను. పాత రేట్లు తెచ్చే ఫంక్షన్‌లో నీ క్యాచ్ ఏ ఎర్రర్ వచ్చినా ఖాళీ అర్రే ఇచ్చేస్తోంది. అంటే ఎబార్ట్ వచ్చినా అక్కడే మింగేస్తుంది, పైన ఉన్న కోడ్ అంతా బానే ఉందనుకుని ఖాళీ పట్టికతో పీడీఎఫ్ తయారు చేస్తుంది. ఎర్రర్ పేరు చూడు, ఎబార్ట్ ఎర్రర్ అయితే మళ్లీ పైకి విసురు, అన్నిటికన్నా పైన ఒక్కచోటే పట్టుకుని సర్వర్ లోపమని చెప్పే 500గా లాగ్ చెయ్యకుండా వదిలెయ్యి. టైమౌట్ ఎర్రర్ వేరే పేరుతో వస్తుంది, దాన్ని మాత్రం లాగ్ చెయ్యి, బయటి సర్వర్ నెమ్మదించిందని దానివల్లే తెలుస్తుంది. ట్రాన్సాక్షన్ మధ్యలో ఉంటే ముందు రోల్‌బ్యాక్, అంటే చేసిన మార్పులు వెనక్కి తీసుకోవడం, తర్వాత ఫైనల్లీలో కనెక్షన్ రిలీజ్, ఈ వరస తప్పకూడదు.

నీ సొంత ఫంక్షన్‌లో ఎబార్ట్‌కి లిజనర్ పెడితే, పెట్టేముందు ఎబార్టెడ్ అయిపోయిందేమో చూడు, అయిపోయాక ఆ ఈవెంట్ మళ్లీ రాదు. పని ముగిశాక లిజనర్ తీసెయ్యి.

రైతు సరుకు బుక్ చేసే దారికి మాత్రం యూజర్ సిగ్నల్ ఇవ్వకు. ఫెచ్ ఆపితే మనం వినడం మానేస్తాం గానీ అవతలి సర్వర్‌లో ఆర్డర్ ఈపాటికే పడి ఉండొచ్చు. అది మొదలయ్యాక నెట్ పోయినా పూర్తి కానీ, రైతు తిరిగొచ్చినప్పుడు ఫలితం చూపించు.

ముందు ఆ క్యాచ్ మార్చు. తర్వాత డేటాబేస్ మెట్టు మధ్యలో ఎబార్ట్ చేసే టెస్ట్ ఒకటి రాసి, పూల్‌లో ఖాళీ కనెక్షన్లు మళ్లీ ముందున్నన్ని అయ్యాయో లేదో చూసి, కోడ్ నాకు పంపు.

మీ అన్నయ్య