పెయింటు కింద దొరికిన 2006

ప్రశ్న: జీడిమెట్లలో ప్లాస్టిక్ మూతలు తయారు చేస్తాను. 2 ఏళ్ల 8 నెలల క్రితం రాజ్‌కోట్ డీలర్ దగ్గర 150 టన్నుల బలంతో అచ్చు బిగించే పాత ఇంజెక్షన్ మోల్డింగ్ మెషీన్ 14 లక్షలకు కొన్నాను. 2015 మోడల్ అని వాట్సాప్‌లో కొటేషన్ పంపాడు. 9 లక్షలకు బిల్లు, 5 లక్షలు నగదు. మొదటి నెల నుంచే మూతలకు ఫ్లాష్ (అంచుల వెంట అదనపు ప్లాస్టిక్) వస్తోంది. మొన్న మెకానిక్ నేమ్‌ప్లేటు మీద పెయింటు గీకితే 2006 అని ఉంది. భార్య నగలు తాకట్టులో ఉన్నాయి. చీటింగ్ కేసు పెట్టాలా, కన్స్యూమర్ కోర్టుకు వెళ్లాలా?

జవాబు: నగల సంగతి కోర్టు చూడదు. ఫ్లాష్ గొడవ కూడా అంతే. తప్పు మెషీన్‌దా, మీ మోల్డ్‌దా (అచ్చుదా) అని అవతలి వకీలు ఏళ్ల తరబడి లాగుతాడు. కేసు నిలిచేది కొటేషన్‌లోని 2015 మీద. చెప్పిన వర్ణనకు సరుకు సరిపోవాలని 1930 నాటి వస్తు విక్రయ చట్టం సెక్షన్ 15 అంటుంది. ‘చూసే కొన్నారుగా’ అంటాడు డీలర్. పెయింటు కిందిది ఎలా కనిపిస్తుందని మనం అడుగుతాం.

దావా వేసే గడువు మాత్రం మెషీన్ మీకు అప్పగించిన రోజు నుంచి 3 ఏళ్లు. మోసం బయటపడిన రోజు నుంచి లెక్కించాలని వాదించవచ్చు గానీ, దాన్ని నమ్ముకోకండి. చేతిలో 4 నెలలే ఉన్నాయనుకోండి. పోలీస్ స్టేషన్ చుట్టూ తిరిగినా, లీగల్ నోటీసు ఇచ్చినా ఆ గడువు ఆగదు. ఎస్సై పిలిస్తే డీలర్ పరుగెత్తుకొచ్చి డబ్బు కడతాడనే ఆశతో కేసులు పోగొట్టుకున్నవాళ్లు మీకంటే ముందు చాలామందే ఉన్నారు. కన్స్యూమర్ కమిషన్ వ్యాపారం కోసం కొన్న మెషీన్ కేసును సాధారణంగా తీసుకోదు. పైగా అక్కడి 2 ఏళ్ల గడువూ దాటింది.

రసీదు లేకుండా 5 లక్షలు చేతిలో పెట్టారు చూడండి, అదే నాకు కోపం. ‘క్యాష్ అందింది’ అన్న మెసేజ్ ఒక్కటైనా ఉందేమో వెతకండి. లేకపోతే ఆ సొమ్ము మీద ఆశ పెట్టుకోకండి.

ఇన్నాళ్లు వాడాక మెషీన్ వెనక్కి ఇవ్వలేరు. 2015 మోడల్‌కూ 2006 మోడల్‌కూ ఉన్న ధర తేడాను నష్టపరిహారంగా అడగాలి. వివాదం విలువ 3 లక్షలు, ఆ పైన ఉంటే కమర్షియల్ కోర్టు. దావాకు ముందు న్యాయ సేవాధికార సంస్థలో మధ్యవర్తిత్వానికి దరఖాస్తు చేయాలి. అందులో గడిచిన కాలాన్ని గడువు నుంచి మినహాయిస్తారు. ఈ వారమే పెట్టండి.

ప్లేటు ఊడదీయొద్దు, మళ్లీ పెయింటు వేయించొద్దు. ఫొటోలు తీసి, సీరియల్ నంబరుతో తయారీ సంవత్సరం ఎంతో కంపెనీ నుంచి లిఖితపూర్వకంగా తెప్పించుకోండి. ఆ కొటేషన్ ఉన్న ఫోన్ మార్చకండి. చాట్‌ను సాక్ష్యంగా పెట్టాలంటే ఎలక్ట్రానిక్ రికార్డుకు చట్టం అడిగే సర్టిఫికెట్ జత చేయాలి. బిల్లు అడుగున చిన్న అక్షరాల్లో ‘సబ్జెక్ట్ టు రాజ్‌కోట్ జ్యూరిస్‌డిక్షన్’ (గొడవలు రాజ్‌కోట్ కోర్టులోనే) అని ఉందేమో కూడా చూడండి. ఉంటే హైదరాబాద్‌లో దావా వేసే ముందు ఆ బిల్లును మీ వకీలుకు చూపించండి. రాజ్‌కోట్ వెళ్లాల్సి రావచ్చు.