3.4 శాతం ఇంగ్లీష్ పేల్ ఏల్ నీళ్లలా అనిపిస్తే పాడైనట్టేనా?

మీరు అడిగింది ఇదీ: మీ బావగారు ఇంగ్లండ్ నుంచి మూడు సీసాల క్రాఫ్ట్ పేల్ ఏల్ (లేత రంగు ఇంగ్లీష్ బీరు) తెచ్చారు. లేబుల్ మీద ఆల్కహాల్ 3.4 శాతం అని ఉంది. భీమవరంలో ఫ్రిజ్‌లోంచి తీసి ఒకటి తాగితే నీళ్లలా, గ్యాస్ లేకుండా, చివర్లో చేదుగా అనిపించింది. మిగతా రెండూ తాగొచ్చా, అసలు అది మంచి బీరో కాదో ఎలా చెప్పాలి అని.

తాగొచ్చు, కానీ అంత చల్లగా మాత్రం వద్దు. నేను నాటింగ్‌హామ్ దగ్గర కొన్నేళ్లు ఉద్యోగం చేశాను. సాయంత్రం పబ్‌కి వెళ్తే ఎక్కువగా ఈ తేలికపాటి ఏల్సే తాగేవాణ్ణి. ఇంట్లో బీరు తయారుచేసుకునేవాళ్లు అక్కడ పోటీలు పెట్టుకుంటారు. వాటిలో జడ్జీల పక్కన కూర్చుని మార్కుల కాగితాలు చూసుకునే పని చేశాను. ఇప్పుడు అమలాపురంలో ఉంటున్నాను. అక్కడి బీరు ఇక్కడికి వచ్చాక ఎలా ఉంటుందో కూడా తెలుసు కాబట్టి రాస్తున్నాను.

ముందు ఆ 3.4 సంగతి చెప్పాలి. బ్రిటన్‌లో 2023 ఆగస్టు నుంచి 3.5 శాతం లోపు బీరుకి తక్కువ రేటు పన్ను వేస్తున్నారు. దాంతో కొన్ని కంపెనీలు అప్పటిదాకా అమ్ముతున్న బీర్లనే 3.4కి దించాయి. ఇంకోపక్క ‘ఆర్డినరీ బిట్టర్’ అనే పాత ఇంగ్లీష్ రకం ముందునుంచీ 3.2 నుంచి 3.8 శాతం మధ్యే ఉంటుంది. లేబుల్ మీద అంకె ఒకటే అయినా, ఆ బలానికి తగ్గట్టు ఆలోచించి చేసిన బీరు వేరు, పన్ను కోసం పల్చబడిన బీరు వేరు. మీరు రుచి చూసి తేల్చుకోవాల్సింది ఈ రెండింటిలో మీ చేతిలో ఉన్నది ఏది అన్నదే.

ఇది మనవాళ్లకి కొత్తేమీ కాదు. కోనసీమలో తాటికల్లు బాగుందో లేదో చెప్పేవాళ్లు ఎంత ఎక్కుతుందన్నది చూడరు. పొద్దున దించిందేనా, తీపి ఉందా, పులుపు తిరిగిందా అని చూస్తారు. బీరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం షాపులో దొరికే స్ట్రాంగ్ బీరుని కొలతగా పెట్టుకుంటాం. అలాంటి బీరులో ఆల్కహాలే నోటికి కాస్త వేడినీ తీపినీ బరువునీ ఇస్తుంది, చిన్నచిన్న లోపాల్ని కప్పేస్తుంది. 3.4 శాతంలో ఆ చాటు ఉండదు. చేసినవాడి పనితనం, పొరపాటు రెండూ పైకే కనబడతాయి. అందుకే ఈ రకం నాకు చాలా ఇష్టం.

రెండో సీసా తెరిచేముందు దాన్ని ఒక రోజు నిలబెట్టి ఉంచండి. సీసాలోనే మళ్లీ పులిసే రకమైతే అడుగున ఈస్ట్ (బీరుని పులియబెట్టేది) ఉంటుంది, అది కదలకుండా పోసుకోవాలి. స్టీలు గ్లాసు వద్దు, రంగూ నురగా కనబడవు. గాజు గ్లాసే తీసుకుని బాగా కడగండి. నూనె జిడ్డు గానీ సబ్బు గానీ కొంచెం మిగిలినా నురగ చచ్చిపోతుంది, మనం బీరుని తిడతాం. మన ఇళ్లలో ఇంకో చిక్కుంది, నెత్తిమీద ఫ్యాను. వాసన చూసే ఆ రెండు నిమిషాలు ఫ్యాను ఆపేయండి. దోమల కాయిల్, అగరుబత్తి ఉన్న గదిలో కూర్చోకండి. ఆవకాయ అన్నం తిన్న నోటితో అస్సలు వద్దు.

ఫ్రిజ్‌లో సుమారు 4 డిగ్రీలుంటుంది. ఇంగ్లండ్ పబ్బుల్లో కాస్క్ ఏల్‌ని, అంటే పీపాలోంచి నేరుగా పోసే ఏల్‌ని, 11, 12 డిగ్రీల దగ్గర పోస్తారు. మరీ చల్లగా ఉంటే మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) రుచి, హాప్స్ (బీరుకి చేదునీ వాసననీ ఇచ్చే పూలు) వాసన అణిగిపోయి చేదే ముందుకొస్తుంది. మీకు ‘నీళ్లు, చివర్లో చేదు’ అనిపించడానికి సగం కారణం ఇదే అయ్యుంటుంది. అలాగని సీసా మొత్తం బయట పెట్టేస్తే మన ఉక్కలో చూస్తుండగానే కషాయమైపోతుంది. పావు గ్లాసు పోసుకోండి, సీసా మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టండి. పోయగానే ఒక గుక్క తాగి, కాసేపాగి ఇంకో గుక్క తాగండి. మంచి బీరైతే రెండో గుక్కలో కొత్తగా ఏదో ఒకటి తెలుస్తుంది. చల్లదనం తగ్గేకొద్దీ బోసిపోతుంటే అందులో సరుకు తక్కువని అర్థం.

వాసనలో వెతకాల్సినవి: బిస్కెట్టు, కాల్చిన బ్రెడ్డు, కొంచెం పాకం మాల్ట్ నుంచి వస్తాయి. ఈస్ట్ కెంట్ గోల్డింగ్స్, ఫగుల్ లాంటి ఇంగ్లీష్ హాప్స్ అయితే పూలు, మట్టి, ఎండుగడ్డి వాసనలు, కాస్త నారింజ మార్మలేడ్ ఛాయ. ఈస్ట్ నుంచి పళ్ల వాసన లీలగా రావచ్చు. ముక్కు పగిలేలా బత్తాయి, మామిడి వాసనలు కొడితే అది అమెరికన్ హాప్స్ బాట. అది తప్పని అనను గానీ, ఇంగ్లీష్ రకం అని రాసి అమ్మితే మార్కులు తగ్గిస్తాను.

గ్యాస్ తక్కువని బెంగపడకండి. ఈ రకానికి తక్కువే ఉండాలి, సీసాలో అయితే కాస్త ఎక్కువ ఉండొచ్చు. చేదు కూడా తప్పు కాదు. ఆర్డినరీ బిట్టర్‌కి చేదు 25 నుంచి 35 ఐబీయూ (బీరు చేదుని కొలిచే అంకె) ఉంటుంది, మన షాపుల్లో దొరికే మామూలు లాగర్ బీరు కంటే బాగా ఎక్కువ. బలం తక్కువైన బీరులో అదే చేదు ఇంకా గట్టిగా తెలుస్తుంది. చూడాల్సిందల్లా ఆ చేదుకి కింద మాల్ట్ ఆసరా ఉందా అని. తెలిసినవాళ్లు మాల్ట్‌ని వేడినీళ్లలో నానబెట్టేటప్పుడు వేడి కొంచెం పెంచి, 68 డిగ్రీల దగ్గర ఉంచుతారు. అప్పుడు ఈస్ట్ తినలేని చక్కెరలు కొన్ని మిగిలి, ఆల్కహాల్ తక్కువున్నా నోటికి నిండుగా ఉంటుంది. కొందరు ఓట్స్ కలుపుతారు, కొందరు పాకం రుచినిచ్చే క్రిస్టల్ మాల్ట్ పెంచుతారు. క్రిస్టల్ మరీ ఎక్కువైతే తీపి నాలుకకి అంటుకుంటుంది, అదీ నాకు నచ్చదు.

పోటీల్లో వాడే బీజేసీపీ (బీరు జడ్జీలకి పరీక్షలు పెట్టే సంస్థ) మార్కుల కాగితంలో 50 మార్కులుంటాయి: వాసనకి 12, చూపుకి 3, రుచికి 20, నోట్లో తగిలే తీరుకి 5, మొత్తం మీద అభిప్రాయానికి 10. ఆ ఐదు మార్కుల గడి ఈ బీరుకి చాలా చిన్నదని నా అభిప్రాయం. పల్చదనం ఉందంటే మిగతావన్నీ దాంతోపాటే పడిపోతాయి. నేనైతే మొదట అదే చూసి, తర్వాత మిగతా గడులకి వెళ్తాను.

ఇక నిజంగా పాడైందా అన్నది. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే గాలి తగిలి, వేడికి పాతబడినట్టు. విమానం సామానులో, తర్వాత ఎండలో కారు డిక్కీలో వచ్చిన సీసాల్లో నాకు ఎక్కువగా తగిలింది ఇదే. చేసినవాడి మీద నెట్టకూడదు. వెన్న వాసన చాలా లీలగా ఉంటే ఈ రకంలో ఒప్పుకుంటారు, వెన్న అని వెంటనే పేరు పెట్టగలిగితే లోపమే. పచ్చి ఆపిల్ వాసన వస్తే పూర్తిగా పులియకముందే సీసాలో పట్టి ఉండొచ్చు. రంగులేని గాజు సీసాని వెలుతురులో ఉంచితే హాప్స్ చెడి కంపు కొడుతుంది, గోధుమరంగు సీసా అందుకే మేలు. పుల్లగా ఉంటే మాత్రం పారబోయండి.

రుచి చూడటం అయిపోయాక తినడానికి జంతికలు, పప్పుచెక్కలు బాగా కుదురుతాయి. రొయ్యల వేపుడైతే కారం తగ్గించి చేయించండి, ఈ చేదుకి కారం తోడైతే మంట రెట్టింపవుతుంది.

రెండో సీసా తాగాక బెస్ట్ బిఫోర్ తేదీ, సీసా రంగు, రెండో గుక్కలో ఏం తెలిసిందో ఇక్కడ రాయండి. అట్టపెట్టె వాసన ఉందంటే మూడోదాన్ని దాచుకోకుండా ఈ వారమే తాగేయండి. ఈసారి బావగారిని క్యాన్లు తెమ్మని చెప్పండి, వెలుతురు బెడద ఉండదు.