ప్రశ్న–జవాబు: సూపర్‌కారులో యూరప్ యాత్ర

ప్రశ్న: మేము ఇంగ్లండులోని రీడింగ్‌లో ఉంటున్నాం. నిరుడు సెకండ్ హ్యాండ్‌లో రెండో తరం ఆడి ఆర్8 వి10 కారు కొన్నాను. వచ్చే సెప్టెంబరులో నేనూ నా భార్యా అందులో ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ మీదుగా ఇటలీలోని మారనెల్లో దాకా వెళ్లి రావాలనుకుంటున్నాం. స్టెల్వియో కనుమ ఎక్కాలని ఆమెకు ఎప్పటినుంచో కోరిక. మా ఇద్దరివీ భారతీయ పాస్‌పోర్టులే. నేలకు ఇంత దగ్గరగా ఉండే కారును అంత దూరం తీసుకెళ్లవచ్చా? ఏ జాగ్రత్తలు అవసరం?
— ఒక పాఠకుడు, రీడింగ్

జవాబు: నిరభ్యంతరంగా తీసుకెళ్లండి. ఇటువంటి కారును గ్యారేజీలో కవరు కప్పి ఉంచడం కంటే ఏడాదికొకసారి దూరప్రయాణానికి తీయడమే దానికి మేలు. మీ కారులోని 5.2 లీటర్ల వి10 ఇంజనే లాంబోర్గినీ హురకాన్‌లోనూ ఉంది కాబట్టి, మారనెల్లోలో ఫెరారీ మ్యూజియం చూశాక, దగ్గరలోనే ఉన్న సాంతాగాతా బొలొన్యేజేకు వెళ్లి లాంబోర్గినీ మ్యూజియం కూడా చూసి రండి.

కారు కంటే ముందు మీ సంగతి చూసుకోవాలి. బ్రిటన్‌లో నివాసానుమతి ఉన్నంత మాత్రాన భారతీయ పాస్‌పోర్టుతో షెంగెన్ దేశాల్లోకి (ఒకే వీసా చెల్లే యూరప్ దేశాలు; మీ దారిలోని మూడూ అందులోవే) వెళ్లడం కుదరదు. ఇద్దరికీ వీసా కావాలి. ఎక్కువ రోజులు ఏ దేశంలో గడుపుతారో ఆ దేశానికే దరఖాస్తు చేసుకోవాలి కనుక, హోటళ్లు ఖాయం చేసుకునే ముందే ఇటలీలో ఎన్ని రాత్రులు, స్విట్జర్లాండ్‌లో ఎన్ని రాత్రులు అన్నది తేల్చుకోండి. కారు కాగితాల్లో లాగ్‌బుక్ (రిజిస్ట్రేషన్ పత్రం) అసలు ప్రతి వెంట ఉండాలి. 2021 సెప్టెంబరు 28 నుంచి కారు ఏ దేశానిదో తెలిపే పాత జీబీ స్టిక్కర్ చెల్లదు, దాని స్థానంలో యూకే అన్న గుర్తు ఉండాలి. బ్రిటన్ హెడ్‌లైట్ల వెలుగు ఎదుటివారి కళ్లలో పడకుండా సరిచేయించుకోండి. ఫ్రాన్స్‌లో హెచ్చరిక త్రికోణమూ, మెరిసే జాకెట్టూ కారులో తప్పనిసరి.

నేను మరీ మరీ చెప్పదలచుకున్నది బీమా గురించి. ఇంగ్లండులో మీకు పూర్తి బీమా ఉన్నా, కొన్ని పాలసీలు సముద్రం దాటగానే ఎదుటివారికి జరిగిన నష్టం వరకే పరిమితమవుతాయి. పూర్తి రక్షణ యూరప్‌లోనూ కొనసాగుతుందా, ఎన్ని రోజుల వరకు, కారు విలువను ముందే ఒప్పుకొని రాశారా అన్నవి కంపెనీ నుంచి లిఖితపూర్వకంగా తెప్పించుకోండి. బ్రేక్‌డౌన్ పాలసీలో, ఇలాంటి కారును తాడు కట్టి లాగకుండా లారీ మీదికి ఎక్కించి తరలిస్తారన్న మాట ఉండాలి. ఫ్రాన్స్ టోల్ హైవేల మీద కారు ఆగిపోతే మీ కంపెనీ పంపే బండి అక్కడికి రాలేదు. దారి పక్కన ఉండే నారింజ రంగు ఫోన్ నుంచి పిలిస్తే, ఆ రహదారికి అనుమతి ఉన్న సంస్థే వచ్చి కారును బయటికి చేరుస్తుంది. ఆ రసీదు దాచుకుంటే తరువాత మీ కంపెనీ దగ్గర డబ్బు అడగవచ్చు.

ఇంగ్లండులోని ఫోక్‌స్టన్ నుంచి ఫ్రాన్స్‌లోని కలే వరకు, కారుతో సహా సముద్రం కింది సొరంగం రైలులో 35 నిమిషాల ప్రయాణం. పెట్టెలో కారు నిలిపే దారికి రెండు పక్కలా ఎత్తయిన అంచులు ఉంటాయి. వెడల్పాటి కారు కాస్త పక్కకు జరిగినా చక్రాల రిమ్ములు ఆ అంచుకు గీసుకుంటాయి. అందుకే చెక్ ఇన్ దగ్గరే కారు వెడల్పు సంగతి చెప్పి, ఎత్తు వాహనాలను ఎక్కించే ఒకే అంతస్తు పెట్టెలో చోటు అడగండి. ఇక టోల్ గేటు దగ్గర టికెట్టు యంత్రం ఎడమ వైపు, మీ స్టీరింగ్ కుడి వైపు. పక్క సీటులోని మీ భార్య, అంత తక్కువ ఎత్తు కారులోంచి చేయి పైకి చాచి ప్రతిసారీ టికెట్టు అందుకోవలసి వస్తుంది. ముందే టోల్ ట్యాగ్ తెప్పించి అద్దానికి అతికించుకుంటే ఈ అవస్థ ఉండదు.

ఫ్రాన్స్‌లో రాన్స్ నగరం దగ్గర ఒకసారి ఆగండి. 1966 వరకు ఫ్రెంచ్ గ్రాండ్ ప్రి జరిగిన పాత రేసు దారి పక్కన ప్రేక్షకుల గ్యాలరీలు, పిట్‌లు నేటికీ నిలిచి ఉన్నాయి. మామూలు రోడ్డే వాటి మధ్య నుంచి పోతుంది కాబట్టి మీ కారును అక్కడే నిలిపి చూడవచ్చు.

స్విట్జర్లాండ్‌లో అడుగుపెట్టాక మాత్రం యాక్సిలరేటర్ మీద అదుపు ఉండాలి. మోటార్‌వే మీద 120, ఊరి బయట 80, ఊళ్లో 50 కిలోమీటర్లే పరిమితి. తీవ్రమైన ఉల్లంఘన అయితే జరిమానాను మనిషి ఆదాయాన్ని బట్టి లెక్కిస్తారు. 2010లో సెయింట్ గాలెన్‌లో ఒక సంపన్నుడికి, ఫెరారీ టెస్టరోసాను పరిమితికి మించి నడిపినందుకు, దాదాపు 3 లక్షల ఫ్రాంకుల జరిమానా పడింది. 2013 నుంచి అమలవుతున్న చట్టం ప్రకారం, 50 పరిమితి ఉన్నచోట 100 కిలోమీటర్ల వేగంతో పట్టుబడితే అది జైలు శిక్ష పడదగిన నేరం. కారును జప్తు చేసే అవకాశమూ ఉంది. స్పీడ్ కెమెరాల గురించి ముందే హెచ్చరించే పరికరాలు, యాప్‌లు అక్కడ నిషిద్ధం కనుక సరిహద్దుకు ముందే తీసేయండి. మోటార్‌వే వాడటానికి ఏడాదికి 40 ఫ్రాంకుల విన్యెట్ కొనాలి.

కనుమల విషయానికి వస్తే, నా ఓటు ఇటలీలోని స్టెల్వియో కంటే ముందు స్విట్జర్లాండ్‌లోని సుస్టెన్‌కే పడుతుంది. 1946లో ప్రారంభమైన ఆ దారిని మొదటినుంచీ మోటారు వాహనాల కోసమే రూపొందించారు. మలుపులు విశాలంగా, దూరం వరకు కనిపిస్తూ ఉంటాయి కాబట్టి మీ కారు నడకలోని అందమంతా అక్కడే తెలుస్తుంది. సుస్టెన్, గ్రిమ్‌సెల్, ఫుర్కా మూడింటినీ కలిపి ఒక్క రోజులో చుట్టి రావచ్చు. పల్లపు దారిలో బ్రేకు మీదే కాలు పెట్టి దిగకుండా, గేరు తగ్గించి ఇంజన్‌తోనే వేగాన్ని ఆపండి. బయలుదేరే ముందు బ్రేక్ ఫ్లూయిడ్ మార్పించండి. ఈ కొండదారుల్లో పసుపు రంగు పోస్ట్ బస్సు మూడు స్వరాల హారన్ మోగిస్తూ మలుపు తిరుగుతుంది. అది వినగానే వేగం తగ్గించి పక్కకు ఆగి దానికి దారి ఇవ్వాలి.

స్టెల్వియోను తిరుగు ప్రయాణానికి ఉంచుకోండి. 1825 నాటి ఆ దారి 2,757 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. కొండ కింది ఊరైన ప్రాటో (ప్రాటో అల్లో స్టెల్వియో) వైపు నుంచి 48 హెయిర్‌పిన్ మలుపులు, ఒక్కొక్కదానికి అంకె వేసిన రాయి ఉంటుంది. తిరుమలలో ఎక్కడానికి ఒక ఘాట్ రోడ్డు, దిగడానికి మరొకటి ఉన్నట్టు అక్కడ లేదు. అదే ఇరుకు దారిలో బస్సులు, మోటార్‌సైకిళ్లు, సైకిళ్లు ఎదురవుతాయి. మీ కారు వెడల్పు అద్దాలు కాక 1.94 మీటర్లు. అందువల్ల ప్రాటోలో రాత్రి బస చేసి, తెల్లవారగానే ఎక్కడం మొదలుపెట్టండి. పైకి చేరాక ఉంబ్రైల్ కనుమ మీదుగా స్విట్జర్లాండ్‌లోకి దిగితే ఆ 48 మలుపులూ మళ్లీ దిగే పని ఉండదు. సెప్టెంబరులోనూ అంత ఎత్తున మంచు కురవవచ్చు, కాబట్టి ముందు రోజు సాయంత్రం దారి తెరిచి ఉందో లేదో కనుక్కోండి.

సామాను విషయంలో, ముందు డిక్కీ 112 లీటర్లే కాబట్టి గట్టి సూట్‌కేసులు మాని మెత్తటి సంచులు పెట్టుకోండి. ఇటలీలో పాత నగరాల నడిబొడ్డున జడ్‌టీఎల్ అనే నిషిద్ధ ప్రాంతాలు ఉంటాయి. కెమెరా ముందు నుంచి వెళ్లిన ప్రతిసారీ విడిగా జరిమానా పడి, నెలల తరువాత ఇంటికి వస్తుంది. హోటల్ ఊరి బయట తీసుకోవడమే మేలు.

ప్రశ్న: మేము హైదరాబాద్ మిత్రులం. మ్యూనిక్‌లో సూపర్‌కారు అద్దెకు తీసుకుని ఆటోబాన్ మీద, ఆస్ట్రియా కొండల్లో నడపాలని ఉంది. ఏమి చూసుకోవాలి?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మన లైసెన్సుతో పాటు ఆర్టీఏ కార్యాలయం ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కూడా తీసుకెళ్లండి. అద్దె ఒప్పందంలో ఏయే దేశాలకు అనుమతి ఉంది, రోజుకు ఎన్ని కిలోమీటర్లు, ఎవరెవరు నడపవచ్చు అన్నవి చదవండి. డిపాజిట్టు పెద్ద మొత్తం కనుక క్రెడిట్ కార్డు పరిమితి సరిపోతుందో ముందే చూసుకోవాలి. టైర్లు, రిమ్ములు, కారు అడుగు భాగం చాలా ఒప్పందాల్లో బీమా కిందికి రావు. తాళం తీసుకునే ముందు వంగి, ముందు బంపర్ కింది అంచును ఆ చివరి నుంచి ఈ చివరి వరకు వీడియో తీయండి. వాదన వచ్చేది అక్కడే.

ఆటోబాన్‌లో పరిమితి లేని చోట కూడా 130 సూచిత వేగం. దాన్ని దాటితే శిక్ష లేకపోయినా, ప్రమాదం జరిగితే తప్పులో కొంత వాటా మీ మీద పడవచ్చు. కుడి వైపు నుంచి ఓవర్‌టేక్ చేయకూడదు. ఆస్ట్రియాలో 2024 మార్చి నుంచి, ఊళ్లో పరిమితిని 60 కిలోమీటర్లకు మించి, ఊరి బయట 70కి మించి దాటితే కారును అక్కడికక్కడే స్వాధీనం చేసుకుంటున్నారు. 1935లో తెరిచిన గ్రాస్‌గ్లాక్నర్ దారి మీకు సరైనది. టోల్ ఉంటుంది కానీ దారి వెడల్పుగా ఉంటుంది.

ప్రశ్న: జర్మనీలోని నూర్బుర్గ్‌రింగ్ రేసు ట్రాక్‌లో సొంత కారుతో ఒక రౌండు వేయవచ్చా?
— ఒక పాఠకురాలు, ఫ్రాంక్‌ఫర్ట్

జవాబు: ప్రజలకు తెరిచిన రోజుల్లో రుసుము కట్టి వేయవచ్చు. అయితే 20.8 కిలోమీటర్ల ఆ దారిలో జరిగే నష్టాన్ని చాలా పాలసీలు భరించవు. అడ్డుకంచెను గుద్దితే దాని మరమ్మతు ఖర్చు కూడా మీ దగ్గరే వసూలు చేస్తారు. మీ బీమా సంస్థ సమ్మతి రాతపూర్వకంగా అందితేనే టికెట్టు కొనండి. అద్దె కారుతో అయితే, ఆ ట్రాక్ కోసమే కార్లు ఇచ్చే అక్కడి సంస్థల దగ్గర తీసుకోండి.