ఆగిన చోట పెన్సిల్ గీత

చెక్కతో గడియారాలు చేసుకునే పాఠకుల ఉత్తరాలకు తిరుపతి నుంచి జవాబులు. రాస్తున్నది తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. ముప్పై ఏళ్లు చిత్తూరు బెల్లం మండీల్లో, తిరుపతి కూరగాయల మార్కెట్లో ఇతరుల తక్కెడలకు తప్పులు పట్టి, ఇప్పుడు వరండాలో తన తప్పులు తాను పట్టుకుంటున్నారు.

ప్రశ్న: సార్, తొమ్మిది మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో గడియారం చేశాను. పెద్ద చక్రానికి 64 పళ్లు, నడిమి చక్రానికి 60, పినియన్లు (ఇరుసుల మీది చిన్న పళ్ల చక్రాలు) రెండూ ఎనిమిదేసి పళ్లవి, పెండ్యులం ఊపుకు పన్ను పన్నుగా కదిలే ఎస్కేప్ చక్రానికి 30. పెండ్యులం సెకనుకో ఊపు ఊగుతుంది. బాగానే నడుస్తూ ఉండి ఆగిపోతుంది. ఒకసారి 15 నిమిషాలకు, ఒకసారి 22 దాటాక, నిన్న 37 నిమిషాలకు. బరువు రెండు కిలోల నుంచి మూడున్నరకు పెంచాను. అయినా అంతే. ప్లైవుడ్ మంచిది కాదంటారా?
– ఒక పాఠకుడు, మదనపల్లె

జవాబు: ప్లైవుడ్ మీద నేరం మోపకండి. దొంగ ఎవరో మీ ఉత్తరంలోనే ఉంది, మీరు చూసుకోలేదు.

లెక్క వేద్దాం. ఎస్కేప్ చక్రం ముప్పై పళ్లది, పెండ్యులం అటొక ఊపు ఇటొక ఊపు వేస్తే ఒక పన్ను దాటుతుంది. అంటే చక్రం నిమిషానికి ఒక చుట్టు. దాన్ని తిప్పేది 60 పళ్ల నడిమి చక్రం, ఎనిమిది పళ్ల పినియన్ మీద. 60ని 8తో భాగిస్తే ఏడున్నర. కాబట్టి నడిమి చక్రం ఏడున్నర నిమిషాలకో చుట్టు తిరుగుతుంది. దాన్ని తిప్పే పెద్ద చక్రం గంటకో చుట్టు. ఇప్పుడు మీ ఆగిన సమయాలు చూడండి: 15, 22 దాటాక, 37. రెండు ఏడున్నరలు, మూడు ఏడున్నరలు, ఐదు ఏడున్నరలు! నడిమి ఇరుసు మీద, చక్రానికో దాని పినియన్‌కో, ఒకే ఒక్క చోట ఏదో పట్టేస్తోంది. ఒక్కోసారి ఆ చోటును దాటేస్తుంది, ఒక్కోసారి దాటలేదు. ఎస్కేప్ చక్రంలో లోపమైతే నిమిషం దాటదు. పెద్ద చక్రంలో అయితే గంటకోసారి అదే నిమిషం దగ్గర ఆగుతుంది.

ఈసారి ఆగినప్పుడు చెయ్యి పెట్టకండి. మన చెయ్యి వెంటనే పెండ్యులాన్ని తోస్తుంది, అక్కడే సాక్ష్యం పోతుంది. ముందు పెన్సిల్ తీసుకుని, రెండు చక్రాలు కలిసే చోట రెండు పళ్ల మీదా గీత గీయండి. తర్వాతే తోయండి. మూడుసార్లు ఆగనివ్వండి. మూడు గీతలూ ఒక చోటికే వస్తే, ఎస్కేప్ చక్రం పళ్లను ఆపుతూ వదిలే కొక్కెం, అంటే యాంకర్ విప్పేసి, ఆ పళ్లకు సుద్దముక్క రుద్ది, చక్రాన్ని వేలితో నెమ్మదిగా తిప్పండి. సుద్ద ఎక్కడ చెరిగిపోయి చెక్క మెరుస్తుందో అక్కడ రాసుకుంటోంది. ఆకురాయి రెండు సార్లు ఆనించండి, అంతకన్నా వద్దు. తర్వాత 220 నంబరు ఉప్పుకాగితం. పన్ను అరగదీయడం సులువు, అతికించడం ఎంత కష్టమో నన్నడగండి.

నా రెండో గడియారం పదకొండు రోజులు సతాయించింది. పళ్లన్నీ కొలిచాను, ఇరుసులు మార్చాను. చివరికి భూతద్దం పెట్టి చూస్తే రెండు పళ్ల సందులో ఎండిపోయిన ఫెవికాల్ బొట్టు. ఆవగింజలో సగం ఉంటుంది. చెక్క రంగులో కలిసిపోయింది. గోటితో గీకితే రాలిపోయింది.

ఇక బరువు సంగతి. లోపం ఉన్న గడియారానికి బరువు పెంచడమంటే, తక్కెడ పళ్లెం కింద చింతపండు అతికించి ముల్లు సరిచేసినట్టే. ఆ పని చేసేవాళ్లను నేను చాలామందిని చూశాను. బరువు పెరిగినకొద్దీ ఇరుసు రంధ్రాలు అరిగి కొత్త రోగాలు వస్తాయి. నేను చేసేదేమిటంటే, పీవీసీ పైపుకు కింద మూత బిగించి ఇసుక పోస్తాను. గడియారం ఆగకుండా నడవడానికి ఎంత ఇసుక చాలుతుందో చూసి, దాని మీద పావు వంతు అదనం. ఏ రంధ్రంలోనూ నూనె వేయకండి. చెక్క తాగేస్తుంది, దుమ్ము పట్టి జిగురవుతుంది. మెత్తటి పెన్సిల్ ముల్లును పొడి చేసి వేస్తే చాలు. ఇరుసులకు రెండు మిల్లీమీటర్ల స్టీలు సైకిల్ స్పోకులు బాగుంటాయి, తిన్నగా ఉన్నవి ఏరుకోండి.

ప్రశ్న: మంచి టేకు పలకలో గుండ్రంగా చక్రం కోశాను. ఎండాకాలంలో చక్కగా తిరిగింది, కార్తీకంలో బిగుసుకుపోయింది. టేకు కూడా ఉబ్బుతుందా?
– పుత్తూరు పాఠకుడు

జవాబు: ఉబ్బుతుంది. అన్ని వైపులా ఒకేలా ఉబ్బకపోవడమే మన ఖర్మ. చెక్క నార వెంబడి దాదాపు కదలదు, నారకు అడ్డంగా పెరుగుతుంది. అందుకే ఒకే పలకలో కోసిన చక్రం వానలకు కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. నాకూ జరిగింది. ఒక నవంబరులో తుపాను వాన ఆరు రోజులు వదలకపోతే, 180 మిల్లీమీటర్ల నా చక్రం అడ్డంగా ఒకటిన్నర మిల్లీమీటరు పెరిగింది. నిలువునా వెంట్రుకంత తేడా లేదు. మన తిరుపతి వైపు గాలి మే నెలలో అప్పడంలా ఎండబెడుతుంది, నవంబరులో నానబెడుతుంది. ఈ రెండింటినీ తట్టుకునేలా చేయాలి.

పలకను ఆరు ముక్కలుగా కోసి, ప్రతి ముక్కలో నార నడిమి నుంచి బయటికి పోయేలా పేర్చి అతికించండి. పుచ్చకాయ బద్దలు పేర్చినట్టు. అప్పుడు ప్రతి పంటికీ నార పొడవునా ఉంటుంది కాబట్టి పళ్లు విరగవు కూడా. ఇది నా తెలివి కాదు. ఇంగ్లండులో జాన్ హారిసన్ అనే వడ్రంగి ఓక్ చెక్క చక్రాలకు పళ్లను ఇలాగే నార బయటి వైపు వచ్చేలా పొదిగాడు. 1713లో, ఇరవై ఏళ్ల వయసులో మొదటి గడియారం చేశాడు. 1722 ప్రాంతంలో ఒక జమీందారీ భవనానికి చేసిన గడియారానికి నూనే అక్కర్లేదు. తనలోనే జిడ్డు ఉన్న గట్టి చెక్కను తిరిగే చోట్ల వాడాడు. తర్వాత సముద్రం మీద రేఖాంశం తెలుసుకునే గడియారం చేసి పేరు తెచ్చుకున్నాడుగానీ, నాకు మాత్రం ఆయన వడ్రంగిగానే ఎక్కువ ఇష్టం.

అంత ఓపిక లేకపోతే ప్లైవుడ్. పొరల్లో నార అడ్డదిడ్డంగా ఉంటుంది కాబట్టి కదలదు. అందం కొంత తక్కువ.

ప్రశ్న: తాతయ్యా, నేను ఇంటర్ చదువుతున్నాను. సెకను పెండ్యులం పొడవు 99.4 సెంటీమీటర్లని చదివి అంతే పెట్టాను. రోజుకు రెండు నిమిషాలు వెనకబడుతోంది. నా కొలత తప్పా?
– చిత్తూరు విద్యార్థిని

జవాబు: నీ కొలత తప్పు కాదమ్మా, ఊరు వేరు. 99.4 అనేది లండన్ లాంటి ఊళ్లకు. భూమధ్యరేఖకు దగ్గరయ్యేకొద్దీ భూమ్యాకర్షణ కాస్త తగ్గుతుంది. మన వైపు గురుత్వ త్వరణం 9.78 చిల్లర. దాన్ని π (పై) వర్గంతో భాగించి చూడు, 99.1 సెంటీమీటర్లు వస్తుంది. మూడు మిల్లీమీటర్లు తేడా. మిల్లీమీటరుకు రోజుకు 43 సెకన్ల లెక్కన రెండు నిమిషాల పైచిలుకు. నువ్వు రాసింది సరిగ్గా అదే! ఇంత నిజాయితీగా కొలిచే ఇన్‌స్పెక్టర్లు మా శాఖలో కూడా కొందరే ఉండేవారు.

ఒక చిట్కా. గుండు కింద ఆరు మిల్లీమీటర్ల బోల్టు, నట్టు పెట్టు. ఆ మర ఒక చుట్టుకు ఒక మిల్లీమీటరు జరుగుతుంది. నట్టు ఒక చుట్టు పైకి తిప్పితే రోజుకు 43 సెకన్లు వేగం, పావు చుట్టుకు పదకొండు. గుండు వేలాడే పుల్ల బరువు వల్ల లెక్కకు కొంచెం తేడా వస్తుంది, ఆ పని నట్టు చూసుకుంటుంది. పుల్ల టేకుదే ఉంచి రెండు పూతలు వార్నిష్ వేయి. ఇనప కడ్డీ పెడితే పది డిగ్రీల వేడికి రోజుకు ఐదు సెకన్లు వెనకబడుతుంది, చెక్క అంత సాగదు.

ప్రశ్న: గడియారానికి ఎర్రచందనం వాడితే ఎలా ఉంటుంది? తెలిసినవాళ్ల దగ్గర ముక్క ఉందంటున్నారు.
– పేరు రాయలేదు

జవాబు: పేరు రాయకపోవడంలోనే జవాబు ఉంది. శేషాచలం కొండల చెట్టు అది, పత్రం లేని ముక్క ఇంట్లో ఉంటే గడియారం చూసుకోవడానికి మీరు ఇంట్లో ఉండరు. చింత చేవ అడగండి, సా మిల్లుల్లో పారేసే ముక్కలు దొరుకుతాయి. పినియన్లకు అంత గట్టిది నేను చూడలేదు. రంపం పళ్లు మాత్రం పోతాయి.

ప్రశ్న: పంచాంగం చూసేవాణ్ణి. గంటలు, నిమిషాలు కాకుండా గడియలు, విఘడియలు చూపే చెక్క గడియారం చేయవచ్చా? పేరే గడియారం కదా!
– శ్రీకాళహస్తి నుంచి ఒక పురోహితులు

జవాబు: స్వామీ, ఈ ఉత్తరం చదివి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చేయవచ్చు. నేను చేశాను కూడా, అందువల్లే ఈ నెల జవాబులు ఆలస్యమయ్యాయి.

గడియ అంటే 24 నిమిషాలు, విఘడియ 24 సెకన్లు, రోజుకు 60 గడియలు. నిమిషాల ఇరుసు 60 నిమిషాలకో చుట్టు తిరుగుతుంది, మనకు 24 నిమిషాలకో చుట్టు కావాలి. అంటే రెండున్నర రెట్లు. ఆ ఇరుసుకు 40 పళ్ల చక్రం, దానికి 16 పళ్లది కలిపితే లెక్క తేలుతుంది. కలిపాను. ముల్లు తిరిగింది, వెనక్కి! రెండు చక్రాలు కలిస్తే రెండోది ఎదురు తిరుగుతుందని ఏడో తరగతి పిల్లలకు కూడా తెలుసు. మా ఆవిడ వచ్చి చూసి, "మంచిదే, వయసు తగ్గుతుంది" అంది. మధ్యలో మూడో చక్రం పెట్టాను. దానికి ఎన్ని పళ్లున్నా పర్వాలేదు, దిక్కు మాత్రమే మారుస్తుంది. ఇప్పుడు ఆ ముల్లు చుట్టూ 60 విఘడియల గీతలున్నాయి. రోజుకో చుట్టు తిరిగే రెండో ముల్లును గంటల ముల్లు నుంచి తీసుకున్నాను, 20 పళ్లకు 40 పళ్లు, మధ్యలో మళ్లీ ఒక చక్రం. అది 60 గడియలు చూపుతుంది. ముళ్లు వెదురు బద్దవి, అంత తేలికగా లేకపోతే పాత బరువు లాగలేదు. అయినా పైపులో ఇసుక కాస్త పోయాల్సి వచ్చింది.

అసలు చిక్కు ఇంకొకటి. గడియలు లెక్కపెట్టేది సూర్యోదయం నుంచి. తిరుపతిలో జూన్ మొదట్లో ఆరుకు పావుగంట ముందే పొద్దు పొడుస్తుంది, జనవరి చివర్లో ఆరూ నలభై అవుతుంది. దానికి కూడా చక్రాలు పెట్టబోయి మానేశాను. గడియల పలకనే విడిగా, ఉంగరంలా, వేలితో జరిపేలా చేశాను. పొద్దున్నే మేడ మీదికి వెళ్లి చూసి, కిందికొచ్చి సున్నాను ముల్లు దగ్గరికి జరుపుతాను. కొలతలన్నీ గీసి మీకు పోస్టులో పంపుతున్నాను.

ప్రశ్న: అన్నయ్యగారూ, మావారు చేసిన గడియారం పడకగదిలో ప్లైవుడ్ అలమర పలకకు తగిలించారు. రాత్రంతా సుత్తితో కొట్టినట్టు చప్పుడు. ఆపేయమంటే అలుగుతున్నారు.
– పీలేరు పాఠకురాలు

జవాబు: అమ్మా, గడియారం చప్పుడు కొంతే, మిగతా డప్పు ఆ అలమరది. పలుచటి పలక ఢంకాలా మోగుతుంది. ఇటుక గోడకు నాలుగు స్క్రూలతో గట్టిగా బిగించమనండి. వెనక రబ్బరు ముక్కలు పెడదామంటారేమో, ఒప్పుకోకండి. నేను సైకిల్ ట్యూబు ముక్కలు పెట్టి చూశాను. పెండ్యులంతోపాటు చట్రం కూడా ఊగి, ఊపంతా రబ్బరు తాగేసి, గంటలోపే ఆగిపోయింది. ఆ గోడ హాల్లో ఉన్న గోడైతే ఇంకా మంచిది. గడియారం బాగా చేశారని ముందు ఒక మాట అని, తర్వాత హాలు సంగతి ఎత్తండి.