లిమిట్ వేరు, డీపీ వేరు: కొత్తగా సీసీ తీసుకున్న అల్లుడికి

కోవూరు

చిరంజీవి శ్రీనుకు మామయ్య ఆశీస్సులు.

నాయనా, మిల్లుకి 50 లక్షల సీసీ (సరుకు, బాకీల మీద బ్యాంకు ఇచ్చే క్యాష్ క్రెడిట్ అప్పు) లిమిట్ శాంక్షన్ అయిందని అమ్మాయి ఫోన్‌లో చెప్పింది. సంతోషం. శాంక్షన్ లెటరులో నాలుగైదు చోట్ల ‘డ్రాయింగ్ పవర్’ అని ఉంది, ఏందని నువ్వు అడిగావంట. బ్యాంకులో అందరూ డీపీ అంటారు. వాట్సాప్ డీపీ కాదు, షేర్ల ఖాతా డీపీ కూడా కాదు. పవర్ అన్నారు కదా, అదేదో మనకిచ్చిన అధికారం అనుకోవద్దు. లిమిట్ అంటే బ్యాంకు ఏడాదికి గీసిన పైగీత. డీపీ అంటే ఈ నెల నీ గోడౌన్లో ఉన్న సరుకునీ, నీకు రావలసిన బాకీలనీ చూసి ఇంతవరకే తీసుకోమనే లెక్క. రెండిట్లో ఏది తక్కువైతే అదే నీది.

లెక్క వేసి చూపిస్తా. వడ్లు 200 పుట్లు ఉన్నాయనుకో. మన పుట్టి 850 కేజీలు కాబట్టి 170 టన్నులు. పుట్టి 20 వేలు చొప్పున 40 లక్షలు. బియ్యం 18 లక్షలు, తవుడు, నూక, గోతాలు అన్నీ కలిపి 2 లక్షలు. మొత్తం 60 లక్షలు. ఇందులో రైతులకీ దళారులకీ ఇంకా ఇవ్వాల్సింది 12 లక్షలుంటే అది తీసెయ్. డబ్బు కట్టని సరుకు మీద బ్యాంకు అప్పివ్వదు. మిగిలిన 48లో మార్జిన్ 25 శాతం, అంటే 12 లక్షలు, నీ సొంత వాటా. అది పోను 36. ఇక బియ్యం అరువుకి తీసుకున్న షాపుల నుంచి రావలసింది 20 లక్షలుంటే, 90 రోజులు దాటిన 5 లక్షలు పక్కన పెట్టేస్తారు. మిగిలిన 15లో 40 శాతం మార్జిన్ పోను 9 లక్షలు. 36, 9 కలిపితే 45. నీ లిమిట్ 50 అయినా ఈ నెల నువ్వు వాడుకోగలిగేది 45 లక్షలే. మార్జిన్లు బ్యాంకుని బట్టి మారతాయి, నీ శాంక్షన్ లెటరులో ఉన్న శాతాలే వేసుకో.

ఇప్పుడు మిల్లు వాళ్ళు ఎక్కువగా తప్పు చేసే చోటుకొస్తా. కస్టమ్ మిల్లింగ్ (ప్రభుత్వం తన వడ్లిచ్చి బియ్యం ఆడించుకోవడం) కింద సివిల్ సప్లయిస్ వాళ్ళు దించిన వడ్లు నీ షెడ్డులోనే ఉంటాయి గానీ అవి నీవి కావు. వాటిని స్టాక్ స్టేట్‌మెంటులో, అంటే డీపీ కట్టడానికి బ్యాంకుకి నెలనెలా ఇచ్చే సరుకు, బాకీల లెక్కలో, వెయ్యకూడదు. నెట్టు (బస్తాల దొంతర) విడిగా కట్టించి, మీద బోర్డు పెట్టించు. రెండూ కలిసిపోతే తనిఖీకి వచ్చిన ఆఫీసరుకి ఏది ఎవరిదో నువ్వే చూపించలేవు.

తేమ సంగతి కూడా చూసుకో. 20 శాతం తేమతో కొన్న 200 పుట్లు ఆరి 14 శాతానికి వచ్చేసరికి దాదాపు 186 పుట్లు అవుతాయి. కొన్నప్పటి తూకమే నెలనెలా రాసుకుంటూ పోతే 14 పుట్లు, అంటే 2 లక్షల 80 వేల సరుకు కాగితం మీద మాత్రమే ఉంటుంది. అట్లాగని కేజీ రేటు పాతదే వేసి తగ్గించుకోనక్కర్లేదు. ఆరబెట్టాక నిజంగా పడిన ఖరీదు కట్టుకో. అయితే ఆ ఖరీదు కన్నా బజారు ధర తక్కువుంటే బజారు ధరే వెయ్యాలి.

తనిఖీ వాళ్ళు బస్తాలు ఒక్కొక్కటీ లెక్కపెట్టరు. నెట్టు పొడవున పది, వెడల్పున ఆరు, ఎత్తున పన్నెండు ఉంటే 720 అని రాసుకుంటారు. నడిమధ్య బోలుగా ఉంచి కట్టే తెలివి కొందరికుంది. అనుభవమున్న ఆఫీసరు పైకెక్కి చూస్తాడు. ఆ పని మాత్రం వద్దబ్బయ్యా, తప్పుడు స్టేట్‌మెంట్ మోసం కేసు దాకా పోతుంది.

స్టేట్‌మెంట్ ఏ తేదీలోగా ఇవ్వాలో లెటరులోనే ఉంటుంది. మిల్లు పనిలో పడి మర్చిపోతే ఏమవుతుందంటే, మూడు నెలలు దాటిన పాత స్టేట్‌మెంట్ డీపీ మీద వాడిన సొమ్ము సక్రమం కాదని రిజర్వు బ్యాంకు నిబంధన. అట్లా 90 రోజులు వరసగా సాగితే, మిల్లు బ్రహ్మాండంగా ఆడుతున్నా ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) అవుతుంది. ఖాతాలో బాకీ డీపీకి మించి 90 రోజులు ఆగకుండా ఉన్నా అంతే. 30 రోజులు దాటగానే ఎస్‌ఎంఏ-1, 60 దాటితే ఎస్‌ఎంఏ-2 అని ఖాతా మీద హెచ్చరిక గుర్తు పడుతుంది. అమ్మకాల డబ్బు వేరే ఖాతాలో వేసుకునే అలవాటు కూడా మానుకో. 90 రోజుల్లో పడిన జమలు ఆ కాలంలో వేసిన వడ్డీకి చాలకపోయినా ఖాతా చెడినట్టే.

డీపీ అంచు దాకా ఎప్పుడూ వాడొద్దు. 45 లక్షల మీద 10 శాతం వడ్డీ అంటే నెలకి 37,500. నెలాఖరున ఆ వడ్డీ ఖాతాలో పడగానే నువ్వేమీ తియ్యకుండానే డీపీ దాటిపోతావు. ఆ తర్వాత నువ్విచ్చిన చెక్కు ‘ఎక్సీడ్స్ అరేంజ్‌మెంట్’ అని తిరిగొస్తుంది. లిమిట్ 50 ఉంది కదా అని వాదించినా లాభం లేదు. చెక్కు బౌన్స్ కేసుల 138 సెక్షన్ కిందికి అది కూడా వస్తుంది. అందుకే 50 వేలన్నా ఎప్పుడూ ఖాళీ ఉంచు.

సీజను పోకడ కూడా ముందే లెక్కలోకి తీసుకో. మార్చి, ఏప్రిల్లో కోతలప్పుడు గోడౌన్ నిండి డీపీ పెరుగుతుంది. ఎడగారు (రెండో పంట) వడ్లు వచ్చేలోపు సరుకు అమ్ముడైపోయి, బాకీలు మాత్రం షాపుల దగ్గర ఇరుక్కుంటాయి. 90 రోజులు దాటిన ప్రతి బాకీ డీపీ నుంచి రాలిపోతుంది. 75వ రోజుకే ఫోన్ చేసి వసూలు మొదలుపెట్టు, మొహమాటపడితే నీ డీపీయే తగ్గేది.

బీమా కూడా సరుకు పూర్తి విలువకి ఉండాలి, పాలసీలో బ్యాంకు పేరు ఉండాలి. 60 లక్షల సరుకుకి 40 లక్షల పాలసీ ఉండి 15 లక్షల నష్టం జరిగితే, సరాసరి నిబంధన (సరుకులో ఎంత వంతుకి బీమా ఉంటే నష్టంలో అంత వంతే ఇవ్వడం) ప్రకారం చేతికొచ్చేది 10 లక్షలే.

ఈ నెల స్టేట్‌మెంట్ రాసే ముందు రైతుబాకీల చిట్టా, షాపుల బాకీలు తేదీలవారీగా, గోడౌన్ రిజిస్టరు మూడూ పక్కన పెట్టుకో. రాసి బ్యాంకులో ఇచ్చాక కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకో. రెండు రోజులాగి, సిస్టంలో కొత్త డీపీ ఎంత ఎక్కించారో అడిగి రాసుకో. పాతదే ఉంటే ఆరోజే చెప్పి మార్పించు.

అమ్మాయికి ఆశీస్సులు.

మీ మామయ్య