పాఠకుల ప్రశ్నలు: యాంప్లిఫయర్ ఎక్కడ నెమ్మదిస్తోంది?

ప్రశ్న: ప్రాజెక్టు కోసం గవర్నర్‌పేటలో కొన్న బీసీ547 ట్రాన్సిస్టర్‌తో బ్రెడ్‌బోర్డు మీద కామన్ ఎమిటర్ యాంప్లిఫయర్ కట్టాను. కలెక్టర్ కరెంటు 1 మిల్లీ ఆంపియర్, కలెక్టర్ రెసిస్టర్ 2.7 కిలో ఓములు, గెయిన్ సుమారు 100, బేస్ వైపు మొత్తం నిరోధం 1 కిలో ఓమ్. డేటాషీటులో 300 మెగాహెర్ట్జ్ అని ఉంది కాబట్టి, దాన్ని 100తో భాగించి 3 మెగాహెర్ట్జ్ వస్తుందని ఆశించాను. 300 కిలోహెర్ట్జ్ దగ్గరే గెయిన్ పడిపోతోంది. ఇండక్టర్ కలిపితే బాగుపడుతుందా?
— ఇంజనీరింగ్ విద్యార్థి, విజయవాడ

జవాబు: ఇండక్టర్ సంగతి తరువాత చూద్దాం. డేటాషీటులోని 300 మెగాహెర్ట్జ్ 10 మిల్లీ ఆంపియర్ల దగ్గర, కలెక్టర్ వోల్టేజి కదలని స్థితిలో చెప్పే కరెంట్ గెయిన్ కొలమానం కనుక, దానిని వోల్టేజి గెయిన్‌తో భాగించడం చెల్లదు. మీ సర్క్యూట్‌లో బేస్ ఒక వోల్టు పెరిగితే కలెక్టర్ వంద వోల్టులు తగ్గే నిష్పత్తి ఉంది. అందువల్ల ఆ రెండింటి మధ్యనున్న కెపాసిటెన్స్ బేస్‌కు 101 రెట్లుగా కనిపిస్తుంది. దీనినే మిల్లర్ ప్రభావం అంటారు. లోపలి 3 పికోఫారాడ్లు 303 అవుతాయి, అంటే 1 కిలో ఓమ్‌తో గెయిన్ పడిపోయే హద్దు 525 కిలోహెర్ట్జ్. బీసీ547లో కలెక్టర్, బేస్ కాళ్లు పక్కపక్కనే ఉంటాయి కనుక బ్రెడ్‌బోర్డు వరుసల మధ్య మరో 2 పికోఫారాడ్లు చేరినా మొత్తం 505కు పెరిగి, హద్దు 315కు దిగుతుంది. దాదాపు మీరు కొలిచిన అంకె ఇదే.

కాబట్టి మొదటి మందు కాస్కోడ్. కలెక్టర్‌కూ లోడ్‌కూ మధ్య, బేస్‌ను కెపాసిటర్ ద్వారా గ్రౌండ్ చేసిన రెండో ట్రాన్సిస్టర్‌ను పెడితే, మొదటిదాని గెయిన్ 1 దగ్గరికి పడి, ఆ 101 రెట్లు రెండు రెట్లకు తగ్గుతాయి. అప్పటికీ బేస్-ఎమిటర్ కెపాసిటెన్స్, అంటే పదుల పికోఫారాడ్లు, మీ 1 కిలో ఓమ్‌తో కలిసి రెండు మూడు మెగాహెర్ట్జ్ దగ్గర అడ్డుపడుతుంది. దానికి ముందు ఒక ఎమిటర్ ఫాలోయర్ (వోల్టేజిని పెంచకుండా, తక్కువ నిరోధంతో ముందుకు అందించే ట్రాన్సిస్టర్ దశ) చాలు.

ఇప్పుడు నెమ్మదించేది అవుట్‌పుట్. ఆసిలోస్కోప్ ప్రోబుతో కలిపి అక్కడ 20 పికోఫారాడ్లు ఉంటే 2.7 కిలో ఓములతో 2.9 మెగాహెర్ట్జ్ వస్తుంది. (ప్రోబు 10ఎక్స్‌లోనే ఉండాలి, 1ఎక్స్‌లో పెడితే ప్రోబే సుమారు 100 పికోఫారాడ్లు కలిపి మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది.) మీ ఇండక్టర్ పనికివచ్చేది ఇక్కడే. కలెక్టర్ రెసిస్టర్‌కు సిరీస్‌లో, నిరోధం వర్గాన్ని కెపాసిటెన్స్‌తో, 0.41తో గుణించినంత విలువ, అంటే సుమారు 60 మైక్రోహెన్రీలు పెడితే, స్పందనలో మిట్ట రాకుండా అవుట్‌పుట్ హద్దు 1.72 రెట్లు పెరిగి 5 మెగాహెర్ట్జ్‌కు చేరుతుంది. పాత టీవీల వీడియో దశలో మెకానిక్కులు పీకింగ్ కాయిల్ అన్నది దీనినే. దుకాణంలో దొరికే 56 మైక్రోహెన్రీలు సరిపోతుంది. ఇంకా పెద్దది పెడితే 1.85 రెట్ల వరకు సాగుతుంది గానీ, అప్పుడు పై అంచు దగ్గర గెయిన్ దాదాపు 20 శాతం ఉబ్బి, చదరపు తరంగం మూలలు పొంగుతాయి. మీరు పల్స్‌లు పంపేట్లయితే అంత ఆశకు పోకుండా 47 మైక్రోహెన్రీల దగ్గర ఆగండి.